రుచి ఎవరి సొత్తు?

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్న సామెతను మనవాళ్ళు వాదం ముగించటానికి వాడుతారు. ఒకడికి పులుపు కావాలి, ఇంకొకడికి కారం కావాలి, ఇందులో తప్పొప్పులు ఎంచటానికి ఏమీ లేదని దాని భావం. పైకి ఇది ఎంతో ఉదారమైన మాట. అందరి నాలుకలనూ ఒకే పంక్తిలో కూచోబెట్టినట్టుంటుంది. కాని చెప్పేవాళ్ళే దీన్ని ఆచరణలో నమ్మరు. శ్రీనాథుడి పేర చెలామణి అయ్యే చాటువుల్లో పలనాటి జొన్నకూటి మీద విసుర్లున్నాయి. సన్నబియ్యం మరిగిన నాలుక జొన్నకూటిని వెక్కిరించటాన్ని మనం వందల ఏళ్ళుగా రసికత కింద జమకట్టుకుంటున్నాం. ఆ జొన్న పండించినవాడి నాలుక సన్నబియ్యాన్ని గురించి ఏమనుకున్నదో ఏ చాటువూ చెప్పదు. అంటే జిహ్వకో రుచి ఉంటే ఉండవచ్చు గాని, ప్రతి జిహ్వకూ పలుకుబడి లేదన్నమాట.

రుచి అనేది ఒక జ్ఞానమా, లేక తీరిక గలవాళ్ళు తమ వర్గానికి వేసుకునే ముద్రా అన్నది పాత ప్రశ్నే. మన పత్రికల్లో దీన్ని సాహిత్యానికి అన్వయించి చాలా చర్చలు జరిగాయి. నేను దాన్ని ఇక్కడ మరీ లౌకికమైన వస్తువుకు, ఒక సీసా బీరుకు, అన్వయించి చూడబోతున్నాను. పాఠకులు నొచ్చుకోవద్దు. రసం అన్న మాటే మన అలంకారికులు వంటింట్లోంచి తెచ్చుకున్నది. అనేక వ్యంజనాలతో సిద్ధమైన అన్నాన్ని తిని ఆస్వాదించేవాడితో పోల్చి గదా భరతుడు ప్రేక్షకుణ్ణి వర్ణించింది!

జర్మనీలో చదువుకుంటున్న నా పూర్వ విద్యార్థి ఒకడు మొన్నటి సెలవులకు కళింగపట్నం వచ్చాడు. వాళ్ళది సముద్రం ఒడ్డున బెస్తవాడ. తల్లి ఎండుచేపల బేరం చేసి కొడుకును అంతదాకా చదివించింది. వాడు వస్తూ రెండు సీసాలు తెచ్చాడు. బవేరియాలో బాంబెర్గ్ అనే పట్నం ఉన్నది. అక్కడ చేసే పొగ బీరు అది. గ్లాసులో పోస్తే దాదాపు నల్లగా ఉన్నది. దీపానికి అడ్డం పెడితే అంచున బెల్లప్పాకం ఎరుపు. మీద చిక్కటి నురుగు. ముక్కు దగ్గరకు తెచ్చీ తేకముందే పొగ వాసన. సిగరెట్టు పొగ కాదు, పచ్చికట్టె పొగా కాదు. ఆరిపోతున్న నిప్పుల మీద ఎండు నెత్తళ్ళు కాల్చితే వచ్చే వాసన. మొదటి గుక్కలో ఆ వాసన తప్ప మరేమీ తెలియలేదు. రెండో గుక్కలో మాడీ మాడని ధాన్యపు తీపి, ఆ వెనక చిరుచేదు. నాలుగో గుక్కకు పొగ వెనక్కి తగ్గింది. అంటే పొగ ఎక్కడికీ పోలేదు, నా నాలుక దానికి అలవాటు పడి మిగతా వాటిని పట్టించుకోవటం మొదలుపెట్టింది. బలం అయిదు శాతానికి కాస్త ఎక్కువ. మన తాటికల్లు కూడా పులిస్తే ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

వాళ్ళమ్మ గ్లాసు వాసన చూసి మొహం తిప్పుకున్నది. "ఇదేట్రా, పొయ్యి వోసనేస్తంది! ఈ వోసన ఒదిలించుకోడానికే గదేటి గేసు పొయ్యి తెచ్చుకున్నాం?" అన్నది.

కొడుకు నవ్వాడు. పొగలో ఉండే గ్వాయకాల్ మొదలైన ఫినాళ్ళను గురించి తల్లికి కాక నాకు చెప్పటం సాగించాడు. కాని నాకు ఆవిడ మాటే పెద్దదిగా తోచింది. రుచిని గురించి రాసిన పెద్ద పెద్ద గ్రంథాలు వదిలేసిన సంగతిని ఆవిడ ఒక్క వాక్యంలో పట్టుకున్నది. ఒకే వాసన. ఒకరికి అది ముప్పయ్యేళ్ళు కళ్ళు మండిన గుర్తు. ఇంకొకరికి డబ్బిచ్చి కొనుక్కునే గుణం.

తల్లీ కొడుకుల్లో ఎవరు సరి? తేల్చటానికి ముందు ఆ పొగ బీరులోకి ఎట్లా వచ్చిందో చూడాలి. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, మొలక సాగకుండా వేడితో ఎండబెడతారు. దాన్నే మాల్టు అంటారు. మనం పసిపిల్లలకు రాగులు మొలకట్టి పిండి చేస్తామే, అట్లాంటి పనే. ఎండకు ఎండే దేశాలు కావవి. కట్టె మంట మీద బట్టీల్లో ఎండబెట్టవలసిందే. కట్టె మండితే పొగ, పొగ గింజకు పడుతుంది. అంచేత యూరపులో కొన్ని శతాబ్దాలపాటు బీరులో పొగ వాసన ఉండటం కొత్తా కాదు, కళా కాదు. అది తప్పించుకోలేని లోపం. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో డెర్బీషైరువాళ్ళు కోక్ బొగ్గు వాడి పొగ లేని మాల్టు చేయటం నేర్చారు. తరవాత మంట వేరు, గింజ వేరుగా ఉండి వేడిగాలి మాత్రమే తగిలే బట్టీలు వచ్చాయి. 1817లో డానియెల్ వీలర్ అనే అతను మాల్టును డ్రమ్ములో వేసి కాఫీగింజల్లా నల్లగా వేయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. నలుపుకూ పొగకూ ఉన్న లంకె దానితో పూర్తిగా తెగిపోయింది. ఊరూరా జనం పొగ లేని బీరు తాగి హమ్మయ్య అనుకున్నారు, అచ్చం మా బెస్తవాడ తల్లి గ్యాసు పొయ్యి ముందు అనుకున్నట్టే.

బాంబెర్గులో మాత్రం ఒకటి రెండు కుటుంబాల బట్టీలు బీచ్ కట్టె మంటనే పట్టుకుని వేళ్ళాడాయి. వాటిలో ఒక పానశాల ప్రస్తావన 1405 నాటి పత్రాల్లోనే ఉన్నది. అందరూ వదిలేసినదాన్ని వాళ్ళు వదలకపోవటం మూలాన, ఒకప్పటి లోపం కాలక్రమాన విశేషమై కూచున్నది. ఇంకో ఉదాహరణ ఇంతకంటే మనకు దగ్గర. అమెరికాలో అలాస్కా రాష్ట్రపు జూనో పట్నంలో ఒక చిన్న బీరు కర్మాగారంవాళ్ళు 1988లో నల్లబీరుకు పొగ పట్టించి అమ్మటం మొదలుపెట్టారు. ఎక్కడ పట్టించారయ్యా అంటే, సాల్మన్ చేపలకు పొగబెట్టే కొట్టులో, చేపలకు వాడే ఆల్డర్ కట్టెతో. చేపల కొట్టు ఉన్న ప్రతి తీరంలోనూ పొగ ఉంటుంది. దాన్ని గ్లాసులోకి తెచ్చుకునే తీరిక ఎక్కడ ఉంటుందన్నది వేరే ప్రశ్న.

ఈ చరిత్రను బట్టి నాకు తోచేది ఇది. పొగ విధిగా ఉన్నంత కాలం దాన్ని ఎవరూ రుచి అనలేదు. అది లేకుండా కూడా బతకవచ్చునన్న వీలు ఏర్పడిన తరవాతనే, కావాలని కోరుకున్నవాడికి అది రుచి అయింది. కొడుకు మ్యూనిక్ రైలెక్కితే పొగలేని బీరు వంద రకాలు దొరుకుతాయి. అంచేత పొగ అతని ఎంపిక. తల్లికి పొయ్యి ఎంపిక కాదు. కొడుకు నాలుక సున్నితమైనదనీ తల్లిది మోటుదనీ చెప్పటం శుద్ధ అబద్ధం. ఇద్దరి నాలుకలూ ఒకే వాసనను పసిగట్టాయి. తేడా నాలుకలో లేదు, స్వేచ్ఛలో ఉన్నది.

ఇంతదాకా ఒప్పుకుంటే ఒక చిక్కు వస్తుంది. రుచికి స్వేచ్ఛ ముందస్తు షరతు అయితే, స్వేచ్ఛ లేనివాళ్ళకు రుచి లేదని గదా అర్థం? ఈ మాట చాలామంది అన్నారు. అందులో మనవాళ్ళూ ఉన్నారు. అభినవగుప్తుడు రసాస్వాదానికి ఏడు విఘ్నాలు చెప్పాడు. వాటిలో ఒకటి, మనిషి తన సొంత సుఖదుఃఖాలకు లొంగిపోయి ఉండటం. ఇంట్లో బియ్యం లేవన్న బెంగతో నాటకశాలలో కూచున్నవాడికి రసం అందదు. దీనికి ఎనిమిది వందల ఏళ్ళ తరవాత, 1844లో, మార్క్సు తన పారిస్ రాతప్రతుల్లో ఇంచుమించు ఇదే మాటను మరో దారిన చెప్పాడు. అయిదు ఇంద్రియాలూ పుట్టుకతో వచ్చినవి కావు, ఇప్పటిదాకా జరిగిన ప్రపంచ చరిత్ర అంతా చేసిన శ్రమకు అవి ఫలితం. ఆకలితో నకనకలాడేవాడికి అన్నం మానవ రూపంలో ఉండదు, మేత లాగే ఉంటుంది అని. మొదటి సగం, నా ఉద్దేశంలో, రుచిని గురించి మానవుడు చెప్పిన అతి గొప్ప మాట. సీసాలోని పొగను పసిగట్టటానికి నా ముక్కు ఎంత పనికివచ్చిందో, ఆ ముక్కును తయారుచెయ్యటానికి ఎన్ని పొయ్యిలూ ఎందరు ఆడవాళ్ళూ ఎన్ని ఎండు నెత్తళ్ళూ పనికివచ్చాయో! నేను ఉత్తరకోస్తాలో పెరిగి ఉండకపోతే బాంబెర్గు పొగ నాకు కాలిన గుడ్డ వాసన మాత్రమే అయ్యేది.

రెండో సగంతో మాత్రం నాకు పేచీ ఉన్నది. ఆకలిగొన్నవాడి నోట్లో అన్నం మేతే అవుతుందన్నది ఆ ఒక్క క్షణానికి నిజం కావచ్చు. కాని శ్రమజీవి బతుకంతా ఆ క్షణం కాదు. ఎండుచేపల గంప ముందు కూచున్న ఆడమనిషిని చూడండి. కవళ్ళను చేత్తో ఎత్తి ఒక్కసారి విదిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఉప్పు తక్కువ పట్టించింది, ఇది మబ్బుపట్టిన రోజు ఆరబెట్టింది, ఇది తడి ఇసుక మీద పరిచింది అని చెబుతుంది. ఆమె ఆ పని సరదాకు చెయ్యటం లేదు. తప్పితే ఆ పూట బేరం పోతుంది. అంటే అవసరం రుచిని చంపలేదు సరిగదా, దానికి పదును పెట్టింది.

కల్లుగీత పనివాడి సంగతీ అంతే. కళింగపట్నం వెనక ఇసుక దిబ్బల్లో తాళ్ళు గీసే వృద్ధుడు ఒకాయన ముంత నోటి దగ్గర పెట్టుకుని, "ఇది సెరువుగట్టు సెట్టుది బావూ, నీరెక్కువ తాగింది; అది దిబ్బ మీద సెట్టుది, పలసగుంటాది గానీ తీపుంటాది" అని చెబుతాడు. ఏ కుండకు సున్నం చాలలేదో, అందువల్ల ఏది ముందే పులిసిందో చెబుతాడు. తాటికల్లుకు మాల్టూ బట్టీ ఏమీ అక్కర్లేదు. గాలిలోనూ కుండలోనూ ఉన్న ఈస్టు పట్టి, దించిన గంటల్లోనే అది తనంత తానే పులుస్తుంది. ఉదయం తియ్యన, మధ్యాహ్నానికి మత్తు, మర్నాటికి ఇంచుమించు సిర్కా. గంట గంటకూ మారే ఆ పానీయాన్ని ఏ గంటకు ఎట్లా ఉంటుందో చెప్పగలగటం చిన్న విద్య కాదు. ఈ విద్య కోసం ఆ మనిషి రోజుకు రెండుసార్లు మోకు వేసుకుని చెట్టెక్కుతాడు. బాంబెర్గులో ఈ పని చేసేవాణ్ణి నిపుణుడంటారు, వాడి మాటలకు ప్రత్యేక నిఘంటువు తయారుచేస్తారు. మనదగ్గర కల్లోడంటారు.

స్కాట్లండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూం 1757లో రుచి ప్రమాణాన్ని గురించి రాసిన వ్యాసంలో, 'డాన్ కిహోటే' నవలలోంచి ఒక కథ తీసుకున్నాడు. సాంకో పాంజా బంధువులిద్దరిని ఒక పీపాలోని ద్రాక్షసారా రుచి చూడమంటారు. ఒకడు బాగానే ఉన్నది గాని కొంచెం తోలు వాసన అంటాడు; రెండోవాడు ఇనుము వాసన అంటాడు. అందరూ నవ్వుతారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుపట్టీ కట్టిన తాళంచెవి దొరుకుతుంది. రుచి కల్పన కాదు, బయట ఉన్న నిజాన్నే పట్టుకుంటుందని హ్యూం చూపదలచుకున్నాడు. నాకు ఈ కథ ఎంతో ఇష్టం. కాని హ్యూం ఒక ప్రశ్న వేసుకోలేదు. ఆ తాళంచెవి ఎవరిది? కొట్టు తాళాలు మోసే పనివాడొకడు దాన్ని పీపాలో జారవిడిచి ఉంటాడు గదా. పోయిన తాళంచెవికి యజమాని వాణ్ణి ఏమన్నాడు? సున్నితమైన నాలుక తోలునూ ఇనుమునూ పట్టింది గాని పనివాణ్ణి పట్టలేకపోయింది.

పట్టదలచుకుంటే ప్రతి పీపా అడుగునా ఎవరో ఒకరు ఉంటారు. నల్లబీరులో పోర్టరు అని ఒక రకం. పద్దెనిమిదో శతాబ్దపు లండనులో రేవుల్లోనూ వీధుల్లోనూ బరువులు మోసే కూలీలు తాగేవారు గనక దానికి ఆ పేరు. వంశధార ముఖాన ఓడలు ఆగిన రోజుల్లో మా కళింగపట్నం రేవులో మూటలు మోసిన కళాసీల పేరు ఏ పానీయానికీ మిగల్లేదు. పోర్టరు లాభసాటి అయ్యేసరికి యజమానులు దాన్ని ఇళ్ళంత పీపాల్లో నిలవచేశారు. 1814 అక్టోబరు 17న మ్యూ కంపెనీ పీపా ఒకటి పగిలి, లక్ష గ్యాలన్లకు పైగా బీరు సెయింట్ జైల్స్ బీదవాడ మీద పడ్డది. ఎనిమిదిమంది చచ్చిపోయారు, అందరూ ఆడవాళ్ళూ పిల్లలూ. విచారణలో ఎవరి తప్పూ లేదని తేలింది. పోయిన బీరు మీద కంపెనీ అప్పటికే కట్టిన సుంకాన్ని మాత్రం ప్రభుత్వం తిరిగి ఇచ్చింది. ఈ సంగతి తెలిసిన తరవాత కూడా పోర్టరు రుచి మారదు. చేదు చేదుగానే ఉంటుంది. అయినా తెలిసి తాగటమూ తెలియక తాగటమూ ఒకటి కావనే నేను అనుకుంటాను.

ఇక్కడ మన వామపక్ష అధ్యాపకులలో ఈమధ్య ప్రచారంలో ఉన్న ఒక వాదాన్ని ముట్టుకోక తప్పదు. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త పియెర్ బోర్డ్యూ 1979లో ప్రచురించిన ఉద్గ్రంథంలో, అభిరుచి అంటే వర్గం తనను తాను ఇతర వర్గాలనుంచి వేరుచేసి చూపుకునే సాధనమని నిరూపించాడు. మంచి పుస్తకమే. దాన్ని చదివిన మా మిత్రులు కొందరు మాత్రం అంతటితో ఆగక, రుచి అంటే అంతే, ఇంకేమీ లేదంటారు. బెంగుళూరు హైదరాబాదుల్లో ఈ పదిహేనేళ్ళలో వెలిసిన చిన్న బీరు దుకాణాల్లో కూచుని నురుగు రంగును చర్చించే కంప్యూటరు ఉద్యోగులను చూపించి నవ్వుతారు. వాళ్ళలో వేషం లేదని నేననను. కాని ఇంకేమీ లేదని ఒప్పుకున్న మరుక్షణం చేపలమ్మే ఆమె ముక్కూ గీతపనివాడి నాలుకా కూడా కొట్టుకుపోతాయి. పెద్దలకు వేషంగా ఉన్నది పేదలకు అసలే లేదన్న తీర్పు అవుతుంది. పెత్తందారు నోట వచ్చినా విప్లవవాది నోట వచ్చినా అది ఒకే తీర్పు.

భాష విషయంలో ఈ పోరాటం మన జిల్లాలోనే ఒకసారి జరిగింది. గిడుగు రామమూర్తి పంతులు జనం మాట్లాడే తెలుగులో రాయాలన్నప్పుడు, ఎదురుతిరిగిన పండితులు ఆ భాషకు వ్యాకరణం లేదనలేదా? వ్యాకరణం ఉన్నది, దాన్ని రాసుకోవాలన్న ఆలోచన వాళ్ళకు లేదు. గిడుగువారు అడవుల్లోకి పోయి సవరల భాషకే నిఘంటువూ వ్యాకరణమూ తయారుచేసి చూపించారు. ఆయన తెలుగు అధ్యాపకులకు వదిలిన పని అక్షరాలకు మాత్రమే పరిమితం కాదని నా నమ్మకం. ఉప్పుకూ పులుపుకూ పొగకూ జనం వాడే మాటలు కూడా భాషే.

గీత పనివారి విద్యను విద్యగా చూడకపోవటం రాజకీయంగా ఎంత దూరం పోయిందో ఈ ప్రాంతంవారికి ఒకరు చెప్పనక్కర్లేదు. మద్రాసు ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం క్రమంగా ఆంధ్ర జిల్లాలకు కూడా వచ్చింది. దానితో శ్రీకాకుళంలోని సెగిడి, యాత కులాల బతుకుతెరువు నేరమై కూచున్నది. బారువకు చెందిన గౌతు లచ్చన్న గీత పనివారి తరఫున సత్యాగ్రహం నడిపాడు. 1954 నవంబరులో ప్రకాశం పంతులు మంత్రివర్గం ఈ మద్యనిషేధపు సమస్య మీదనే ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. నిషేధం ఉన్న రోజుల్లో విశాఖలో సారా ఎట్లా పారిందో, పోలీసులూ వకీళ్ళూ సాక్షులూ దాని మీద ఎట్లా బతికారో రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో రాశాడు. తాగేవాడికన్నా తాగించే వ్యవస్థకు ఎక్కువ నిషా ఉన్నదని ఆ కథలు చదివితే తెలుస్తుంది.

ఇంతవరకూ నా వాదం సాఫీగానే నడిచింది. ఇదే విషయాన్ని రసప్రకరణం చెబుతూ తరగతిలో చెప్పాను. పాఠం అయిపోయాక ఒక అమ్మాయి ఆగింది. ఆమె ఇంటిలో మొదట కాలేజీకి వచ్చినది ఆమే. "మాష్టారూ, మా నాన్న తాగేదాంట్లో రుచి ఉంటుందా?" అని అడిగింది. వెక్కిరింపు కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

ఆమెకు చెప్పిన జవాబును ఇక్కడ కొంచెం పెంచి రాస్తాను. కళింగపట్నానికి పడమర, వంశధార గట్టున శాలిహుండం కొండ ఉన్నది. 1919లో గిడుగువారే లోకం దృష్టికి తెచ్చిన బౌద్ధక్షేత్రం అది. అక్కడి భిక్షువులూ ఉపాసకులూ పాటించవలసిన అయిదు శీలాల్లో చివరిది సురనూ మేరయాన్నీ విడవటం. పాలీ భాషలో ఆ శీలానికి చెప్పిన కారణం గమనించదగ్గది. మద్యం అపవిత్రమనీ నాలుకకు సుఖం పాపమనీ అనలేదు. అది ప్రమాదానికి, అంటే ఏమరుపాటుకు, చోటు గనక విడవమన్నారు. రుచి చూడటం ఏమిటి? దానికి నేరుగా వ్యతిరేకమైనది. ఎరుకతో ఉండటం, ఒక్కో గుక్కలో ఏమున్నదో పట్టించుకోవటం. ఒకే గ్లాసులో ఎరుకా ఏమరుపాటూ రెండూ ఉన్నాయి. మద్యం గురించిన నీతిప్రశ్న చిక్కంతా ఇదే.

ఆ తండ్రి తాగేదేమిటి? మన దేశంలో విదేశీమద్యం పేర అమ్మేదాంట్లో చాలా భాగం చెరుకు మడ్డినుంచి తీసిన స్పిరిటు. దానికి మాడ్చిన చక్కెరతో రంగు, ఎసెన్సుతో వాసన. మూలపదార్థం రుచిని మొదటే పూర్తిగా తీసేసి, పైన పేరుకు కాస్త పూస్తారు. 2024 అక్టోబరులో మన రాష్ట్రంలో కొత్త మద్యవిధానం వచ్చినప్పుడు, 180 మిల్లీలీటర్ల సీసా 99 రూపాయలకు అందించటం ప్రజలకు చేసిన మేలుగా ప్రకటించారు. అంతకుముందు అయిదేళ్ళు దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. యజమాని మారాడు గాని సీసాలోని తర్కం మారలేదు. తక్కువ డబ్బుకు, తక్కువ సేపట్లో, ఎక్కువ ఏమరుపాటు. అక్కడ రుచి ఉంటే అడ్డం. రుచి ఉన్నదాన్ని మనిషి నెమ్మదిగా తాగుతాడు. ఖజానాకు నెమ్మది పనికిరాదు. తాటికల్లుకే ఈ గతి పట్టింది. తెలంగాణా పట్నాల కల్లు దుకాణాల్లో క్లోరల్ హైడ్రేటూ ఆల్ప్రజోలమూ కలిపి, చెట్టు రసం లేకుండానే కల్లు తయారుచేస్తున్నారని దాడుల్లో పదే పదే బయటపడ్డది. అంటే పెట్టుబడి మద్యంలోంచి ఎరుకను తీసేసి ఏమరుపాటును మాత్రం మిగిల్చి అమ్ముతున్నది. మీ నాన్నకు రుచి తెలియక కాదమ్మా, ఆయనకు అమ్మినవాళ్ళు ముందే దాన్ని తీసేసుకున్నారు అని చెప్పాను.

ఈ జవాబులో నిజం ఉన్నది. అయినా చాలదు. ఎందుకంటే రుచి మనిషిని కాపాడుతుందని నేను చెప్పలేను. ఉత్తమమైన ద్రాక్షసారా తాగి భార్యను కొట్టినవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఏ మోతాదులో తాగినా మద్యం నిరపాయం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. బీచ్ కట్టె పొగ పట్టించినంత మాత్రాన లివరు దయ చూపదు. 'కన్యాశుల్కం'లో సారా దుకాణం దగ్గర కూచున్నవాళ్ళు చక్కని వేదాంతం మాట్లాడతారు. ఆ వేదాంతం ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలిగించలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న పాఠాన్ని పట్టుకుని సారా దుకాణం మూయించినప్పుడు, సారా మంచిదా చెడ్డదా అన్న రుచి చర్చ పెట్టుకోలేదు. పెట్టుకోనవసరమూ లేదు. వాళ్ళ పోరాటం మూలాన 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. ఖజానా బెంగతో 1997లో నిషేధం సడలిపోయింది. ఈ వరసలో గీతపనివాడి విద్యా న్యాయమే, దూబగుంట ఆడవాళ్ళ కోపమూ న్యాయమే. రెండిటినీ కలిపే సూత్రం చేతిలో ఉన్నట్టు మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు అనుమానం.

మన విద్యార్థులతో నేనొక చిన్న పని మొదలుపెట్టాను. రుచులకూ వాసనలకూ ఈ తీరంలో జనం వాడే మాటలను, చేపలవాళ్ళవీ గీతవాళ్ళవీ వంటవాళ్ళవీ, వాళ్ళ నోటనే విని రాసుకురావాలి. ఆ అమ్మాయి కూడా చేరింది. మొదటి వారం కల్లుకు సంబంధించిన మాటల పట్టిక చూసి, ఇందులో ఇంకొకరి మాటలు కూడా రాయాలన్నది.

ఎవరివని అడిగాను.

"మా అమ్మవి మాష్టారూ. ఆవిడ జన్మలో చుక్క ముట్టలేదు. కాని మా నాన్న ఇంకా వీధి అరుగు దగ్గర ఉండగానే, ఈ వేళ కల్లా, చీపు సీసానా, రెండూ కలిపాడా అన్నది గాలి వాసనను బట్టి చెప్పేస్తుంది. దాన్ని బట్టి తమ్ముణ్ణి నిద్రపుచ్చాలా, పక్కింటికి పంపాలా అని చూసుకుంటుంది. ఆవిడ ఒక్కొక్కదానికి ఒక్కో పేరు పెట్టుకుంది."

ఆ పేర్లు ఇప్పుడు మా పట్టికలో ఉన్నాయి. గీత తాత చెప్పిన మాటల పక్కనే, మరో వరసలో రాసుకున్నాం.